ఎవరూ నడవని మూల

ఇల్లు గీయడానికి ముందు హరిత పెన్సిల్ ముట్టుకోదు, ముగ్గుపిండి డబ్బా ముట్టుకుంటుంది. మదనపల్లె టమోటా మార్కెట్ వెనక సందులో, విత్తనాల అంగడి మేడ మీద ఆమె ఆఫీసు. అక్కడ కంప్యూటర్ ఒకటుంటే, అడుగున మేకుతో చిల్లులు పొడిచిన ముగ్గుపిండి డబ్బాలు ఆరున్నాయి. ఇల్లు కట్టించుకుంటామని ఎవరైనా వస్తే ముందు వాళ్ల ఖాళీ జాగాకు పోతుంది. ఇంట్లో ఎంతమంది ఉంటే అంతమంది చేతికీ తలా ఒక డబ్బా ఇస్తుంది. "ఇక్కడ ఇల్లు ఉందనుకోండి. పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా ఎటు తిరుగుతారో తిరగండి" అంటుంది. మొదట అందరూ సిగ్గుపడతారు. కాసేపటికి మరిచిపోయి, నిజంగానే నీళ్లు తోడుతున్నట్టు, బట్టలు ఆరేస్తున్నట్టు తిరుగుతారు. గంట గడిచేసరికి నేలంతా తెల్లటి గీతలు. గీతలు చిక్కగా కలిసినచోట వసారా పెడుతుంది. గాలి వచ్చే వైపు కిటికీ పెడుతుంది. చెట్టు అడ్డమొస్తే గోడ జరుగుతుంది, చెట్టు జరగదు.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. రెండింటికీ ముందు నడిచి చూడు అన్నది హరిత. మాట మంచిదే. ఆమె కట్టిన ఇళ్లలో ఏప్రిల్ నెలలో కూడా మనుషులు చొక్కా విప్పకుండా అన్నం తింటున్నారు. ఆమెలో లోపం ఒక్కటే. ఎదుటి మనిషి మాట వినడం ఎంత ముఖ్యమో చెప్పడం మొదలుపెట్టిందంటే, ఎదుటి మనిషికి నోరు విప్పే సందు దొరకదు.

అంకమ్మ, మునెయ్య ఆమె దగ్గరికి వచ్చింది సెప్టెంబరులో. అంకమ్మ పెద్దపంజాణి వైపు పల్లెల్లో ఏఎన్‌ఎం, చంటిపిల్లలకు టీకాలు వేసే మనిషి. మునెయ్య ఆర్టీసీలో కండక్టర్. ఇద్దరి తలిదండ్రులూ పరాయి చేలల్లో కూలికి పోయినవాళ్లే. నెల జీతం అనేది వీళ్లిద్దరితోనే ఆ ఇళ్లలో అడుగుపెట్టింది. రోడ్డు పక్కన ముప్పై సెంట్ల చేను ఉంది, అందులో చిన్న ఇల్లు కావాలన్నారు. పిల్లలెందరని హరిత అడిగింది. లేరని మునెయ్య చెప్పాడు. అంకమ్మ మాత్రం వేరే సంగతి అడిగింది.

"పుంగనూరుకాడ మీరు కట్టిన అంగనవాడీ సూసినా మేడమ్. ఆ గోడలు ఆడ తవ్విన మట్టితోనే కట్టినారంట, నిజమేనా?"

"నిజమే అంకమ్మా. మీ చేన్లో మట్టి బాగుంటే మీ ఇల్లూ అట్లే."

"అంటే మన నేలే మన గోడ అవుతాది."

"అంతే" అంది హరిత, సంతోషం పట్టలేక. ఇటుకల బట్టీకి ఎన్ని చెట్లు కాలిపోతాయో, సిమెంటు చేయడానికి ఎంత పొగ లేస్తుందో అరగంట చెప్పింది. అంకమ్మ బుద్ధిగా వింది. మునెయ్య గడియారం చూసుకున్నాడు.

చేనంతా గులకరాళ్ల గరుసు నేల. ఈశాన్యం మూలన మాత్రం ఒక గది వెడల్పున ఎర్రమన్ను. హరిత డబ్బాలు వాళ్ల చేతికిచ్చే ముందు తన పద్ధతి మొత్తం వివరించింది. "ఎవరూ నడవని చోటు ఒకటి ఎప్పుడూ మిగులుతుంది. అక్కడే గుంత తవ్వుతాం. ఆ మట్టితో ఇటుకలు. ఇల్లయ్యాక ఆ గుంతే వాననీళ్ల తొట్టి. మీ నడకకు అడ్డం రాదు, మట్టి కోసం ఇంకొకరి కొండను తవ్వే పనీ లేదు."

మునెయ్య నడిచాడు. అతని గీత రోడ్డు నుంచి నడిమికి వచ్చి, అక్కడే రెండు చుట్లు తిరిగి, మళ్లీ రోడ్డుకు పోయింది. ఎర్రమన్ను వైపు ఒక్క అడుగు కూడా పడలేదు. హరిత నవ్వింది. "ఏం మునెయ్యన్నా, వంటింటి వైపు తొంగి కూడా చూడవా?" మునెయ్య నవ్వలేదు. అంకమ్మ నడిచింది. ఆమె గీత తిన్నగా ఈశాన్యం దాకా పోయింది. అక్కడ ఏదో అడ్డం ఉన్నట్టు వంగి, ఆ మూలను చుట్టి, అవతలి నుంచి వచ్చేసింది. హరిత వెళ్లి చూసింది. రాయి లేదు, పుట్ట లేదు, ముళ్లకంప లేదు. ఎర్రటి నేల, దాని మీద పల్చగా గడ్డి.

ఆ మూల మట్టి సీసాలో పోసి, నీళ్లు పోసి ఊపి, తేరుకోనిచ్చి చూసింది. ఇసుక, బంక సరిగ్గా కావలసిన పాళ్లలో ఉన్నాయి. పైగా ఈశాన్యంలో నీళ్ల గుంత వాస్తుకు కూడా మంచిదే. వాస్తును లెక్కచేయని హరిత, వాస్తు తప్ప ఇంకేదీ లెక్కచేయని మునెయ్య చుట్టాలు ఒక్కమాట మీదికి వచ్చారంటే అది మామూలు మూల కాదు.

ప్లాను చూపించిన రోజు మునెయ్య ఆ చోట వేలు పెట్టాడు. "ఈ మూల వద్దులే మేడమ్."

"ఎందుకన్నా?"

మునెయ్య భార్య వైపు చూశాడు. అంకమ్మ ప్లానునే చూస్తోంది. "మన్ను బాగుండదు" అన్నాడు.

హరిత సీసా తెచ్చి చూపించింది. మట్టి గురించి రైతుకు ఉండే అపోహల మీద చాలాసేపు, చాలా ప్రేమగా మాట్లాడింది. వారం తర్వాత మునెయ్య డ్యూటీ నుంచి ఫోన్ చేశాడు. వెనక బస్సు చప్పుడు. "మేడమ్, ఆ మూల ఒక్కటి తవ్వద్దండి." హరిత అప్పుడు అంగళ్లు ఊరి కాలేజీలో పిల్లలకు పాఠం చెప్పి బయటికి వస్తోంది. ఎందుకని అడగనైతే అడిగింది గాని, జవాబుకు ఆగలేదు. భయం అక్కర్లేదని, గుంత లోతు ఆరడుగులే అని, చుట్టూ గట్టు కట్టిస్తానని చెప్పింది. "సరే మేడమ్" అని మునెయ్య పెట్టేశాడు.

నవంబరు చివర్లో కుప్పం నుంచి గురుమూర్తి వచ్చాడు. చేత్తో నొక్కే ఇటుకల మిషను అతనిది. తవ్విన మట్టిని జల్లెడ పట్టి, కొద్దిగా సిమెంటు కలిపి, మిషనులో పోసి పిడి నొక్కితే ఇటుక బయటికొస్తుంది. కాల్చే పని లేదు. మూడు వారాలు గోనెపట్టాలు కప్పి తడిపితే చాలు. ఏ రోజు ఇటుకలు ఆ రోజు వేరుగా పేర్చి, మీద సుద్దతో రోజు నంబరు వేయడం హరిత అలవాటు. యాభై దాటిన గురుమూర్తి ఎన్ని వందల ఇళ్లకు ఇటుకలు నొక్కాడో అతనికే తెలియదు. దేనికీ బెదిరే మనిషి కాదు.

మూడోరోజు మధ్యాహ్నం అతను హరితను పిలిచి అరచెయ్యి చాపాడు. జల్లెడలో మిగిలిందట. నల్లగాజు. ఉంగరం కంటే కాస్త పెద్దది, దిష్టి తగలకుండా పసిబిడ్డ చేతికి వేసేది.

"ఏ పిల్లదో జారిపోయుంటుంది అన్నా" అంది హరిత.

"మూడడుగుల లోతున జారినాదా మేడమ్?"

గురుమూర్తి కాసేపు ఆ గాజును చూసి, మట్టిలోది మట్టిలోనే ఉండనీ అని గొణిగి, దాన్ని కలుపుతున్న మట్టిలో వేసేశాడు. ఆ మట్టి ఇటుకలైంది. ఆ ఇటుకల మీద హరితే సుద్దతో మూడు అని రాసింది.

పది రోజుల తర్వాత గురుమూర్తి ఫోన్. "మేడమ్, సుమ్మనే చెప్తాండా అనుకోవద్దు. మూడోరోజు ఇటుకల అడుకు మీద పట్టాలు తెల్లారేసరికి ఎండిపోతాండాయి. పక్క అడుకులు తడిగానే ఉండాయి. పొద్దున్నే మంచులో సూస్తే, ఈ అడుకు మీద నుంచి ఆవిరి లేస్తాండాది."

గాలి ఆ వైపు ఎక్కువుంటుందిలే అంది హరిత. చదువుకున్నవాళ్లకు ఏదైనా అర్థం కాకపోతే గాలి మీదికే తోస్తారు.

జనవరిలో గోడలు లేచాయి. మూడోరోజు ఇటుకలు సరిగ్గా ఒక్క గోడకు సరిపోయాయి. హాలుకూ పడకగదికీ నడిమి గోడ. కప్పు మోసే గోడ కాదు, గదిని చీల్చే అడ్డుగోడ. పెంకులు పరిచారు, తలుపులు బిగించారు. గోడలకు పూత లేదు, మట్టి రంగు మట్టి రంగుగానే ఉంది. ఇల్లు ముచ్చటగా కుదిరింది. అయినా పనివాళ్లు మధ్యాహ్నం కునుకు తీయడానికి ఆ అడ్డుగోడ పక్కకు పోవడం మానేశారు. ఎందుకని అడిగితే ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. గురుమూర్తి మాత్రం చెప్పాడు. "ఆడ పడుకుంటే ఎవురో ఊపిరి పీలుస్తాండేట్టు ఉండాది మేడమ్. సిన్న ఊపిరి. బిరబిరా."

ఒకరోజు హరిత పొద్దున ఏడింటికే వచ్చింది. బయట మంచు, చేతులు కొంకర్లు పోతున్నాయి. లోపల ఆ గోడకు చెయ్యి ఆనిస్తే వెచ్చగా ఉంది. కరోనా రోజుల్లో నుదుటికి గురిపెట్టి చూసేవాళ్లే, అలాంటి మిషను ఒకటి ఆమె సంచిలో ఎప్పుడూ ఉంటుంది. తక్కిన మూడు గోడలు పదహారు డిగ్రీలు చూపించాయి. ఈ గోడ ముప్పై ఆరు పాయింట్ ఎనిమిది. బ్యాటరీ మార్చి చూసింది. అదే అంకె. గోడ కింది నుంచి పైదాకా చూసింది. అదే అంకె. పొయ్యి లేదు, ఎండ లేదు, అవతల గది కూడా చల్లగానే ఉంది. ముఖం దగ్గరగా పెడితే వాసన కూడా వచ్చింది. మట్టి వాసన కాదు. ఎక్కడో బాగా తెలిసిన వాసన, ఎక్కడో గుర్తు రాలేదు. హరితకు మొదటిసారి తను కట్టిన ఇంట్లో ఒంటరిగా నిలబడటానికి భయమేసింది.

వెనక అడుగుల చప్పుడైతే ఉలిక్కిపడింది. అంకమ్మ. డ్యూటీకి పోయేముందు రోజూ ఇలా వస్తుందట. చెప్పులు విడిచి, తిన్నగా వచ్చి ఆ గోడకు వీపు ఆనించి కూర్చుంది. చేరగిలబడి కళ్లు మూసుకుంది.

"ఈడ కూసుంటే నిద్రొస్తాది మేడమ్. ఎన్నేండ్లాయె నాకు ఇట్లా నిద్ర రాక."

హరిత మిషను చూపించింది. "ఈ గోడ ఒక్కటే ఇంత వేడిగా ఉంది అంకమ్మా. ఎందుకో నాకు అర్థం కావడం లేదు."

అంకమ్మ అంకె చూసింది. రోజూ పసిబిడ్డల ఒళ్లు పట్టి చూసే మనిషి.

"జొరం లేదులే" అంది, మళ్లీ కళ్లు మూసుకుంది.

హరిత నవ్వబోయి నవ్వలేకపోయింది. స్కూటర్ ఎక్కాక కూడా ఆ మాట చెవిలోనే ఉంది.

గృహప్రవేశం మాఘమాసంలో శుక్రవారం పెట్టుకున్నారు. దానికి ముందు సోమవారం మునెయ్య మదనపల్లె వచ్చాడు. ఖాకీ చొక్కా మీదే ఉన్నాడు, టికెట్ల మిషను భుజానికే ఉంది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మేడమ్, ఆ మూల మూడడుగుల లోతు మట్టి ఏ గోడకు పోయినాదో మీకు తెలుస్తాదా?"

"తెలుస్తుంది. పై మట్టి మొదటి రెండ్రోజులు. ఆ లోతు మట్టి మూడోరోజు. హాల్లో అడ్డుగోడ. ఎందుకన్నా?"

మునెయ్య అప్పుడు కూర్చున్నాడు. చెప్పడానికి అతనికి చాలాసేపు పట్టింది. హరిత నోరు మూసుకుని వినడం ఆ ఆఫీసులో బహుశా అదే మొదటిసారి.

"ఎనిమిదేండ్ల కిందట మాకు ఆడబిడ్డ పుట్నాది మేడమ్. తొమ్మిది దినాలు ఉన్నింది. పేరు గూడా పెట్టలే. మిట్టమద్యాన్నం మా నాయనా నేనూ ఎత్తకపోయి ఆ మూల పెట్టినాము. మాలో పసిబిడ్డ పోతే తల్లికి తావు సూపించరు. సూపిస్తే పొద్దస్తమానం ఆడనే కూసుంటాది, ఇంకో కాన్పు నిలవదు అంటారు పెద్దోళ్లు. మా నాయన పోయినాడు. ఇప్పుడు ఆ తావు తెలిసినోడ్ని నేను ఒక్కడ్నే. అంకమ్మ పక్కన ఉండంగా మీకు ఎట్ల చెప్పేది? ఫోన్లో చెప్దామంటే మీరు చెప్పనీలే."

హరితకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ గోడ దగ్గర వచ్చిన వాసన ఏమిటో అప్పుడు గుర్తొచ్చింది. చెల్లెలి కూతుర్ని పురిట్లో ఎత్తుకున్నప్పుడు మెడ దగ్గర వచ్చిన వాసన. పాల వాసన.

"ఎవురు యాడ నడుస్తారని మీరు అందర్నీ అడిగినారు మేడమ్" అన్నాడు మునెయ్య. కోపంగా అనలేదు. "యాడ నడవరో, ఎందుకు నడవరో అడగలే."

హరితను ఆమె పద్ధతే ఆ మూలకు నడిపించింది. నడవని చోటు ఖాళీ చోటు అనుకుంది. ఎవరూ తొక్కకుండా కాపాడుకున్న చోటునే వెతికి వెతికి తవ్వించింది.

మునెయ్య కోరింది ఒక్కటే. ఆ గోడ విప్పేయాలి. ఇటుకలన్నీ పొడి చేసి, ఆ మట్టిని మళ్లీ ఆ గుంతలోనే పోసి కప్పెట్టాలి. వేరే మట్టితో గోడ కట్టాలి. అంకమ్మకు తెలియకూడదు. బుధవారం ఆమెకు టీకాల డ్యూటీ, సాయంత్రం దాకా రాదు.

"ఆ గోడకు ఆనుకోని నిద్రపోతాండాది మేడమ్. అదేందో తెలిస్తే నా బిడ్డను గోడలో పెట్టి కట్టినారా అని అడుగుతాది. నేనేం చెప్పేది? ఎనిమిదేండ్లు నెత్తిన పెట్టుకోని కాపాడినా. మనిషి మళ్లీ మంచం పడితే నేను తట్టుకోలేను."

ఇంట్లో ఉండేవాళ్లకు తెలియకుండా ఇంట్లో ఒక్క మేకు కూడా కొట్టకూడదనేది హరిత నియమం. దాన్ని ఆ పూట పక్కన పెట్టింది. తప్పు తనది, దిద్దాల్సింది తనే అనుకుంది. ఒప్పుకుంది.

బుధవారం పది గంటలకు గురుమూర్తి నిచ్చెన వేసుకుని గోడ ఎక్కాడు. హరిత కింద ఉంది. మునెయ్య గడప దాటి లోపలికి రాలేదు, వసారాలో అటు తిరిగి నిలబడ్డాడు. ఆ రోజు పదకొండున్నర బస్సులో పుంగనూరు పోయి డ్యూటీ ఎక్కాలి. ఆలోగా ఆ గోడ విప్పేయకపోతే తన ప్రాణం కుదుటపడదని చెప్పాడు.

పై వరుసలో మొదటి ఇటుకను గురుమూర్తి ఉలితో కదిలించాడు. తేలిగ్గానే వచ్చింది. ఇటుకను భుజాన వేసుకుని నిచ్చెన దిగడం ముప్పై ఏళ్లుగా అతని అలవాటు. ఆ ఇటుకను మాత్రం మోచేతి వంపులో పెట్టుకుని, రెండో చెయ్యి అడుగున పట్టి, ఒక్కో మెట్టే దిగాడు. ఇసుక మీద మెల్లగా ఆనించాడు. అలా చేసినట్టు అతనికే తెలియదు. హరిత చూసింది.

రెండో ఇటుక కూడా అలాగే దించాడు. ఈసారి అతనే గమనించుకున్నాడు. నిచ్చెన కాలి దగ్గర నిలబడి తన చేతుల వైపు చూసుకున్నాడు.

"మేడమ్, ఈ పని నా వల్ల కాదు" అన్నాడు. "ఇటుక వెచ్చగా ఉండాదని కాదు. నేను దించంగానే సల్లబడిపోతాండాది."

హరిత వంగి ఇసుక మీది మొదటి ఇటుకను ముట్టుకుంది. నేలంత చల్లగా ఉంది. రెండోది ఇంకా గోరువెచ్చగా ఉంది. ఆమె చెయ్యి కిందే ఆ వేడి కొంచెం కొంచెంగా పోయింది. చెయ్యి లాక్కోవాలనుకుంది, లాక్కోలేకపోయింది. ఆ క్షణంలో ఆమెకు వచ్చింది భయం కాదు, ఏడుపు.

బయట స్కూటర్ ఆగింది.

అంకమ్మ మునెయ్యను పక్కకు జరిపి లోపలికి వచ్చింది. భుజాన టీకాల పెట్టె అలాగే ఉంది. పైట రెండు చుట్లు గట్టిగా చుట్టుకుని, చేత్తో బిగించి పట్టుకుని ఉంది. గోడ పైన ఖాళీ వైపు, ఇసుక మీది ఇటుకల వైపు చూసింది. ఎవర్నీ తిట్టలేదు.

"పదీ పదికి ఒక బిడ్డకు సూది ఏస్తాండా" అంది. "ఆ బిడ్డ ఏడవనే లేదు. నాకు పాలు సేపుకొచ్చినాయి. రైకంతా తడిసిపోయినాది. ఎనిమిదేండ్ల తర్వాత." ఇసుక మీది ఇటుకల వైపు తిరిగింది. "దాన్ని ముట్టుకున్నారని అప్పుడే తెలిసిపోయె."

మునెయ్య గడపలో నిలబడిపోయాడు. "నీకు... నీకెట్ల తెలుసు అంకమ్మా?"

"ఆ పొద్దు నువ్వు ఇంటికొచ్చి గడపకాడ కాళ్లు కడుక్కుంటివి. నేను మంచంలో నుంచి సూస్తానే ఉంటి. నీ కాళ్లకు ఎర్రమన్ను. మన సేనంతా గరుసు గదా. ఎర్రమన్ను ఉండేది ఆ మూల ఒక్కటే."

"ఇన్నేండ్లు తెలిసీ యాల అడగలే?"

"నువ్వు దాస్తాంటివి. దాసుకునేదానికి నీకు అదొక్కటే మిగిలుండె. అదీ నేను యాల లాక్కోవాల?"

మునెయ్య గడపలోనే కూలబడ్డాడు. హరిత క్షమాపణ చెప్పాలని నోరు తెరిచింది. అంకమ్మే ఆమె వైపు తిరిగింది.

"మీరు ఏడవద్దు మేడమ్. మీ తప్పేం లేదు. ఎవురూ నడవని తావులో గుంత తవ్వుతామని మీరే చెప్తిరి. ఆ మట్టే గోడ అవుతాదని మీరే చెప్తిరి. అందుకే ఆ మూల నేను తొక్కకుండా సుట్టు తిరిగినా. ఎనిమిదేండ్లు వానలో, ఎండలో బయట పడుకోనుండాది. ఇంట్లోకి తెచ్చుకునేదానికి నాకు ఇంకో దోవ కనపడలే."

అందరి నడకలూ తను చదువుతున్నానని హరిత ఇన్నాళ్లూ అనుకుంది. ఈ మనిషి ఒక్క వంపుతో తననే నడిపించింది. ఆ సంగతి భయంగా ఉంది. ఎందుకో ఆ భయంలోనే కాస్త ఊరట కూడా ఉంది.

అంకమ్మ టీకాల పెట్టె దించింది. ఇసుక మీది ఇటుకల్ని ఒక్కొక్కటిగా తీసి, పైట చాటున కాసేపు పొదువుకుని, గురుమూర్తికి అందించింది. గురుమూర్తి నిచ్చెనెక్కి వాటిని వాటి చోట పెట్టాడు. హరిత తనే మట్టి కలిపి తాపీ అందించింది. పని అయ్యాక అంకమ్మ మొగుడి దగ్గరికి పోయి రెక్క పట్టి లేపింది. గోడ దగ్గరికి తీసుకొచ్చింది. ఆ ఇల్లు మొదలైన దగ్గర్నుంచి అతను ఆ గోడను ముట్టుకోలేదు.

"సెయ్యి పెట్టు" అంది.

మునెయ్య పెట్టాడు. వెంటనే భార్య ముఖంలోకి చూశాడు. అతని కళ్లలో బెదురు.

"సల్లగుండాది అంకమ్మా. ఏమీ లేదు. వట్టి గోడ."

అంకమ్మ అతని చెయ్యి పక్కనే తన చెయ్యి పెట్టి చూసి తల ఊపింది.

"పురుడని తొమ్మిది దినాలూ నిన్ను దగ్గరికి రానీలే మీ యమ్మ. నువ్వు దాన్ని ఎత్తుకునింది పోయినంకనే. అది నీ సెయ్యి ఎరగదు గదా. ఇంకొంచేపు పెట్టు."

హరిత గురుమూర్తికి సైగ చేసింది. ఇద్దరూ బయటికొచ్చి వసారా చివర నిలబడ్డారు. గురుమూర్తి బీడీ తీసి, వెలిగించకుండానే మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

పదకొండున్నరకు పుంగనూరు బస్సు వచ్చి చేను ముందు ఆగింది. డ్రైవర్ వెంకటేశులు రెండుసార్లు హారన్ కొట్టాడు. మునెయ్యతో పదేళ్లుగా పనిచేస్తున్న మనిషి, డ్యూటీ ఉన్న రోజు అతన్ని ఇక్కడే ఎక్కించుకుంటాడు. హరిత పిలుద్దామని గడప దాకా పోయింది. మునెయ్య రెండు అరచేతులూ గోడకు ఆనించి, నుదురు కూడా ఆనించి నిలబడి ఉన్నాడు. పెదవులు కదులుతున్నాయి. అంకమ్మ కొంచెం దూరంగా నేల మీద కూర్చుని, అతన్ని చూస్తోంది.

హరిత పిలవలేదు. వెనక్కి తిరిగి రోడ్డు మీదికి వచ్చింది.

"ఏం మేడమ్, మునెయ్య రాడా?" అన్నాడు వెంకటేశులు కిటికీలో నుంచి. "ఒంట్లో బాగలేదా?"

"బాగానే ఉండాడు" అంది హరిత. "బిడ్డకాడ ఉండాడు."

వెంకటేశులు ఆమెను, ఆమె వెనక కొత్త ఇంటిని కాసేపు చూశాడు. మునెయ్యకు పిల్లలు లేరని అతనికి తెలుసు. ఏమీ అడక్కుండా గేరు వేశాడు.